పురుడు నాకేనని చెప్పినందున తల్లి గడిలో పడిన నా పేరు తొలగించుట గురించి

తేది: 14-11-2024
జమ్మలమడుగు

మహారాజశ్రీ రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు,

జమ్మలమడుగు టౌను చివర, ముద్దనూరు రోడ్డు పక్కన కాపురముండు కావడి చిన్న సుంకన్న, తండ్రి పేరు కీ.శే. పెద్ద సుంకన్న, వయసు 61, తెగ ఎరుకల, వృత్తి ఈతబుట్టలు అల్లుట, చదువు హాస్టలులో అయిదవ తరగతి పాసు, దండములు పెట్టి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా కూతురి జనన పత్రములో తల్లి గడిలో నా పేరు తీసి నా భార్య వనజమ్మ పేరు వ్రాయుట, తండ్రి గడిలో ఆటో డ్రైవరు పేరు తీసి నా పేరు వ్రాయుట, మరియు నా బిడ్డ ఎరుకల బిడ్డ అని సర్కారు పుస్తకములో ఎక్కడో ఒకచోట ఉండునట్లు చేయుట గురించి.

మొదట ఒక మనవి. ఈ మధ్య బదిలీలు జరిగినందున తమరు అయ్యగారో అమ్మగారో నాకు తెలియలేదు. అయ్యా అని వ్రాసినాను. అమ్మగారైతే అట్లే చదువుకోవలెను. ఎవరి గడిలో ఎవరి పేరు వ్రాయాలన్న సంగతిలో నేను ఇప్పటికే చాలా దెబ్బ తిన్నాను.

1) నాకు కూతురు పుట్టింది. ఇది ఫిర్యాదు కాదని నాకు తెలుసు. అయినా మొదటి నంబరు దీనికే ఇవ్వాలని అనిపించింది. గత నెల ఏడవ తేది, సోమవారం, పగలు పదకొండు నలభైకి పుట్టింది. బరువు రెండు కేజీల ఏడు వందలు. తల నిండా జుట్టు. పెళ్ళయిన ఇరవై మూడు సంవత్సరములకు పుట్టింది. నా భార్యకు నలభై రెండు. నెల తప్పితే వయసు వల్ల ఆగిపోయిందనుకొని మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆశా వర్కరు షబీనా వచ్చి పరీక్ష చేసి, "అత్తా, ఆగిపోవడం కాదు, మొదలయింది" అన్నది. ఆ దినం నేను అల్లుతున్న బుట్టకు అడుగు వేయడం మరచి పైకి అల్లుకుంటూ పోయినాను. ఆ బుట్ట ఇంకా ఇంట్లోనే ఉంది. తమరు విచారణకు వచ్చినప్పుడు చూపించగలవాడను.

2) ఇక జరిగినది ఉన్నది ఉన్నట్లు విన్నవించుకుంటాను. మా ఎరుకల వాళ్ళలో పాత ఆచారము ఒకటి ఉండేది. భార్యకు నొప్పులు మొదలయినప్పుడు భర్త ఆమె చీర కప్పుకొని, నుదుట బొట్టు పెట్టుకొని, మంచంలో మూలకు తిరిగి పండుకోవలెను. ఇంగువా బెల్లమూ అతనికే పెడతారు. బిడ్డ పుట్టగానే కడిగి అతని పక్కనే పండుకోబెడతారు. పురుడు ఎవరికి అని ఎవరడిగినా "నాకే" అనవలెను. భార్య పేరు ఎత్తకూడదు. ఎత్తితే కీడు దారి తెలుసుకొని ఆమె దగ్గరకు పోతుందని మా పెద్దల నమ్మకం. నేను పుట్టినప్పుడు మా నాయన మూడు దినములు పండుకున్నాడంట. మా అమ్మ చెప్తుండేది: "నేను నిన్ను కని, నాలుగో దినం గంపలెత్తుకొని ప్రొద్దుటూరికి పోయినా. మీ నాయన ఇంకా పత్తెం తింటాండె."

ఇప్పుడు మా వాళ్ళలో ఎవ్వరూ ఇది చేయడం లేదు. నేను కూడా చేయాలనుకోలేదు. కానీ ఎనిమిదో నెలలో డాక్టరమ్మ కాగితాలు చూసి, "ఈ వయసులో మొదటి కాన్పు కష్టమే, ధైర్యంగా ఉండండి" అన్నది. ధైర్యంగా ఉండమని ఎవరైనా చెప్పేవరకు నేను ధైర్యంగానే ఉంటిని. ఆ తర్వాత నుండి నాకు అన్నం దిగలేదు. రావలసినది ఏదైనా ఉంటే ఆమెను విడిచి నా మీదికి రానీ అనుకున్నాను. నా దగ్గర వేరే ఉపాయం ఏమీ లేదు.

3) కాన్పు దినం ఉదయం పక్కింటి చాంద్ బాషా తన ఆటోలో మమ్ములను ప్రొద్దుటూరు రోడ్డులోని ఒక ఆసుపత్రికి తీసుకొని పోయినాడు. ఆసుపత్రి పేరు వ్రాయడం లేదు. వాళ్ళది తప్పు లేదు. పది గంటలకు వనజమ్మను కాన్పు గదిలోకి తీసుకొని పోయినారు. ఆమెకు ఇచ్చిన ఏడో నంబరు మంచం ఖాళీ అయింది. సంచీలో ఆమె చీర, పచ్చది, ఉంది. నేను చాంద్ బాషాతో చెప్పినాను. అతను ఆటో తాళం జేబులో వేసుకొని, "అన్నా, నీకు ఏది బాగనిపిస్తే అది చెయ్. నేను తలుపు కాడ నిలబడతా" అన్నాడు. ఇరవై ఏండ్ల స్నేహం అట్లాంటిది.

నేను పండుకొని పది నిమిషములు కాలేదు, స్టాఫ్ నర్సు మెహబూబున్నీసా గారు వచ్చి చీర లాగినారు.

"ఎవరప్పా నువ్వు? లెయ్, లెయ్! ఇది కాన్పుల మంచం. మీసాలు పెట్టుకొని ఈడ పండుకొన్యావేంది?"

నేను లేచి కూర్చొని చేతులు జోడించి సంగతి మొత్తం చెప్పినాను. ఎరుకల వాళ్ళమని చెప్పినాను. ఆమె పేరు ఎత్తకూడదని గుసగుసగా చెప్పినాను. నర్సమ్మ కాన్పు గది తలుపు వైపు ఒకసారి చూసినారు. లోపలి నుండి వనజమ్మ అరుపు వినపడుతున్నది.

"ఎంతసేపు పండుకోవల్ల?"

"బిడ్డ ఏడ్చే దాకా తల్లీ."

"సరే, కదలొద్దు. ముసుగు బాగా కప్పుకో. డాక్టరమ్మ చూస్తే నాకేం తెలీదంటా" అని, చంకలోని పెద్ద పుస్తకంలో ఏదో వ్రాసుకొని లోపలికి పోయినారు.

ఆ తర్వాత వచ్చినవాడు కార్తీక్. ఆ దినపు కాన్పుల వివరములు చేతిలోని కంప్యూటరు పలకలో ఎక్కించే ఉద్యోగి. మంచము మంచము తిరిగి వ్రాసుకుంటున్నాడు. అతనికి ముసుగు మాత్రమే కనపడింది.

"అమ్మా, పురుడు నీకేనా?"

"నాకే" అన్నాను.

"గొంతు ఏంది అట్లుంది?"

"నొప్పులు."

అయ్యా, ఇది అబద్ధం కాదు. నిజంగానే అప్పటికి నాకు కడుపులో పట్టుకొని ఉండింది.

"పేరు?"

"కావడి చిన్న సుంకన్న."

"మొగోళ్ళ పేరు పెట్టినారే!"

"మా ఇంట్లో మొక్కుబడి." ఇది కూడా నిజమే. సుంకులమ్మకు మొక్కుకొని పెట్టిన పేరే.

"వయసు?"

"అరవై ఒకటి."

కంప్యూటరు కుయ్యిమన్నది. ఎర్రగా ఏదో వచ్చిందంట. అతను రెండుసార్లు నొక్కినాడు. "అరవై ఒకటా! అమ్మా, నీకు దండం పెట్టాల. ఈమధ్య ఇట్లాంటివి ఆడాడ జరుగుతాండాయిలే. పేపర్లో వస్తావు సూడు. మొగుని పేరు చెప్పు."

ఇక్కడ నేను ఇరుక్కున్నాను. మొగుడు నేనే. నా పేరు ఒకసారి చెప్పినాను. భార్య పేరు ఎత్తితే కీడు. ఏమి చెప్పినా చిక్కే. "ఆ పేరు నా నోట చెప్పగూడదు నాయనా" అన్నాను.

కార్తీక్ నవ్వినాడు. "ఇంకా ఈ కాలంలో గూడ మొగుని పేరు చెప్పని ఆడోళ్ళు ఉండారు సూడు" అని పక్క మంచం ఆమెతో మెచ్చుకోలుగా చెప్పి, తలుపు దగ్గరకు పోయి, "ఏడో మంచం ఆమెను తీసుకొచ్చింది ఎవరు?" అని అడిగినాడు.

"నేనే" అన్నాడు చాంద్ బాషా.

"పేరు చెప్పి ఈడ వేలితో సంతకం పెట్టు."

చాంద్ బాషా పెట్టినాడు. ఆటో నిలబెట్టినందుకు ఏదో వ్రాసుకుంటున్నారని అనుకున్నాడంట.

పదకొండు నలభైకి బిడ్డ ఏడ్చింది. నర్సమ్మ తెల్ల గుడ్డలో చుట్టి తెచ్చి, నేరుగా నా పక్కన పండుకోబెట్టి, "ఇదో, నీ కాన్పు అయిపోయింది. ఆడబిడ్డ. ఆమె గూడ బాగుండాది. ఇంక ఏడ్చింది సాలు, లెయ్" అన్నారు. అయ్యా, బిడ్డ ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. రెండో కన్ను తర్వాత తెరిచింది.

4) రెండో కన్ను సంగతి అర్జీకి అవసరం లేదు. పొరపాటున నంబరు మారింది. కొట్టివేస్తే కాగితం పాడవుతుందని ఉంచినాను.

5) పంతొమ్మిదవ దినమున జనన పత్రము నా ఫోనుకు వచ్చింది. ఆ దినం బిడ్డను తొట్లెలో వేయు వేడుక. పులివెందుల వైపు వేముల నుండి మా అత్తగారి వాళ్ళు వచ్చినారు. అందరి ఎదుట చాంద్ బాషా గట్టిగా చదివినాడు: "తల్లి పేరు, కావడి చిన్న సుంకన్న." అందరూ నవ్వినారు. "తండ్రి పేరు, చాంద్..." అని అంతటితో ఆగిపోయినాడు. అతని భార్య సైదున్నీసా ఫోను తీసుకొని మిగతాది తనే చదివింది.

"ఏంజీ, ఎరుకలోళ్ళ ఇంట్లో నీకు బిడ్డ ఎప్పుడు పుట్టింది? తల్లి సూస్తే సుంకన్నన్న అంట. మీ ఇద్దురూ పొద్దస్తమానం ఆటోలో తిరుగుతాంటే స్నేహమనుకొన్యా!"

ఆమె నవ్వుతూనే అన్నది. కానీ మతం అను గడి కూడా చాంద్ బాషా పేరును బట్టే నింపబడినది. ఆ దినం నుండి సైదున్నీసా మా ఇంటికి వచ్చి బిడ్డను ఎత్తుకున్నప్పుడల్లా, "నా మొగుని బిడ్డ, నాకూ హక్కుండాది" అని పొద్దు గుంకేదాకా దించడం లేదు. ఇది రెండవ చిక్కు. వనజమ్మకు బిడ్డ దొరకడం లేదు.

6) జనన పత్రము వచ్చిన మరుసటి దినం నుండి సర్కారు నన్ను బాలింతగా చూసుకుంటున్నది. మా షబీనాకు సంగతి మొత్తం తెలుసు. కానీ ఆమె చేతిలోని ఫోనులో బాలింత అంటే నేనే. ఇరవై ఒకటో దినం, ఇరవై ఎనిమిదో దినం ఇంటికి వచ్చి నా ముందర కూర్చొన్నది.

"మామా, నాకు తెలుసు. కంప్యూటరుకు తెలీదు. నీ ఫోటో తీసి ఎక్కియ్యకపోతే నేను వచ్చినట్లే గాదు. బిడ్డను ఎత్తుకో. ఈ పక్క సూడు. ఐరన్ మాత్రలు మింగినావా?"

"మింగలేదు."

"మింగినాడు అని కొడతాండా. తల తిరుగుతాందా?"

"ఈ కాగితం వచ్చినప్పటి నుండి తిరుగుతాంది."

"పాలు ఇస్తాండావా? ఔనో కాదో సెప్పు."

నేను నిజమే చెప్పినాను, కాదు అని. తెల్లవారి ఎక్కడి నుండో ఒక డాక్టరమ్మ ఫోను చేసి, అమ్మా, ఈ వయసులో పాలు పడవని భయపడవద్దు అని ఇరవై నిమిషములు ఓపికగా, ఎంతో దయగా, బిడ్డను ఎట్లా పట్టుకోవాలో కూడా చెప్పినది. నేను మధ్యలో చెప్పబోతే, సిగ్గుపడవద్దు తల్లీ అన్నది. అంత మంచి మనిషిని నొప్పించలేక సరేనమ్మా అన్నాను.

అంగన్‌వాడీలో గుడ్లు, పాలు ముఖం చూపిస్తేనే ఇస్తారు. అక్కడి కంప్యూటరు వనజమ్మ ముఖం ఒప్పుకోదు. నా ముఖం ఒప్పుకుంటుంది. కావున వారము వారము నేనే బాలింతల వరసలో నిలబడి తెచ్చి ఆమెకు పెడుతున్నాను. వరసలో ఆడవాళ్ళు నాకు ముందు దారి ఇస్తున్నారు. "పచ్చి బాలింత, ఎండలో నిలబెట్టొద్దండి" అంటున్నారు. జమ్మలమడుగు ఎట్లాంటి ఊరో తమరికి తెలియనిది కాదు. ఇప్పుడు టీ అంగడి దగ్గర కూడా నాకు టీ ఇవ్వడం లేదు, సొంఠి కషాయం ఇస్తున్నారు.

7) ఇంతవరకు నవ్వులాట. ఇక్కడ నుండి కొంచెం నిదానంగా చదవవలెను.

తల్లి గడిలో నేను, తండ్రి గడిలో చాంద్ బాషా. వనజమ్మ పేరు ఆ పత్రములో ఏ మూలనా లేదు. ఇరవై మూడు సంవత్సరములు ఎవరి ఇంట్లో తొట్లె వేసినా, ఆమె చేయి తగలకుండా "కొంచెం పక్కకు జరుగు వనజా" అనేవాళ్ళు. జరిగేది. జరిగి జరిగి గోడ దగ్గరకు పోయి నిలబడేది. పిలవని ఇండ్లు కొన్ని. పిలిచి, కనపడకుండా ఉంటే బాగుండునని చూసిన ఇండ్లు కొన్ని. ఆమె ఎన్నడూ ఒక మాట అనలేదు. ఆ దినం చాంద్ బాషా చదివిన తర్వాత అందరూ నవ్వుతుంటే ఆమె కూడా నవ్వింది. అందరూ పోయినాక బిడ్డకు పాలిస్తూ అన్నది:

"ఇరవై మూడేండ్లు నేనుంటి, బిడ్డ ల్యాకపాయ. ఇప్పుడు బిడ్డ ఉండాది, కాయితంలో నేను ల్యాకపోతి."

పత్రములో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంది. పక్క గడులు సరి అయ్యేదాకా పేరు పెట్టనని ఆమె పట్టు. నలభయ్యో దినం దగ్గర పడుతున్నా బిడ్డను మేము ఓయ్ అని పిలుస్తున్నాము. బిడ్డ పలుకుతున్నది కూడా. ఇట్లే అలవాటైపోతుందేమోనని నా భయం.

8) సవరణకు జనన మరణములు వ్రాయు కార్యాలయమునకు పోయినాను. అక్కడి గుమాస్తా భానుప్రకాష్ గారు మంచి మనిషి. మొదట కడుపు పట్టుకొని నవ్వి, తర్వాత కుర్చీ వేసినారు.

"పొరపాటు ఎట్ల జరిగిందో రాసియ్యి. టైపు తప్పు అని రాస్తే వారంలో అయిపోతాది."

"టైపు తప్పు కాదు సార్. ఆ కార్తీక్ నేను చెప్పింది చెప్పినట్లే కొట్టినాడు. మా ఎరుకల ఆచారం వల్ల జరిగింది. అదే రాయండి. పనిలో పని, బిడ్డ ఎరుకల అని గూడ పత్రంలో రాయండి."

"యాడ రాసేది? మతానికి గడి ఉండాది. తెగకు గడి ల్యాదు. అది ఎస్టీ సర్టిఫికెట్టు తెచ్చుకోవల్ల. నీకుండాదా?"

అయ్యా, నాకు లేదు. బడిలో చేర్పించినప్పుడు మా అమ్మ నెత్తిన బుట్టలుండినాయి. అయ్యవారు అడగకుండానే బుట్టలు చూసి "మేదర" అని వ్రాసుకున్నారు. మేదర వాళ్ళది వెదురు. మాది ఈత. ఆ తేడా అయ్యవారికి తెలియదు. అయిదవ తరగతి టీసీలో అట్లే ఉంది. నేను మేదర అని సర్కారు లెక్క. మేదర వాళ్ళు తమవాణ్ణి కాదంటున్నారు. అది న్యాయమే.

పోనీ మా అమ్మ మరణ పత్రంలో ఉంటుందేమోనని వెతికి తీసినాను. ఆమె పోయి పదకొండు సంవత్సరములు. పేరు కావడి నాగమ్మ. వృత్తి: ఏమీ లేదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల, మూడు ఊర్లూ కాలినడకన తిరిగి, యాభై ఏండ్లు ఇంటింటికీ ఎరుక చెప్పిన మనిషి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ ఆడవాళ్ళు పెండ్లి ముహూర్తమునకు ముందు ఆమె కోసం మనిషిని పంపేవాళ్ళు. ఆమె అల్లిన గంపలు పెద్దముడియం కళ్ళాలలో ఇప్పటికీ ఉన్నాయి. వృత్తి: ఏమీ లేదు. ఎరుకల అన్న మాట ఎక్కడా లేదు. పుట్టినప్పుడు మా వాళ్ళకు పత్రమే లేదు. చచ్చినప్పుడు పత్రము ఇచ్చి అందులో మేము లేము.

నా భార్య వైపు కాగితములకు పులివెందుల పొమ్మన్నారు. పులివెందులలో, తెగ తండ్రిని బట్టి గదా, జమ్మలమడుగు పొమ్మన్నారు. జమ్మలమడుగులో, బిడ్డ పుట్టింది ప్రొద్దుటూరు పక్కన గదా అన్నారు. ఆటోకు చాంద్ బాషా ఏమీ తీసుకోలేదు. "కాయితం ప్రకారం నా బిడ్డ పనే గదా అన్నా" అన్నాడు.

9) ఎస్టీ సర్టిఫికెట్టుకు అర్జీ పెట్టుకొంటే, చివరకు నా తెగ విచారణకు ఆర్.ఐ. వసుంధర గారు మా ఇంటికి వచ్చినారు. మా భాష మాట్లాడమన్నారు. మాట్లాడినాను. బిడ్డ గురించి కాబట్టి కొంచెం ఎక్కువే మాట్లాడినాను. అంతా విని, "నాకు ఈ భాష రాదు. నువ్వు ఎరుకల మాట్లాడినావో ఇంకేమి మాట్లాడినావో నాకెట్ల తెలిసేది?" అని, "ఏదో మాట్లాడినాడు" అని వ్రాసుకున్నారు. తర్వాత ఆచారములు అడిగినారు. మగవాడి పురుడు చెప్పినాను.

"పుస్తకాల్లో ఉండాదంట, విన్యా. ఇప్పుడెవరు చేస్తాండారు?"

"నేను చేసినా మేడం. అయిదు వారాలయింది."

"రుజువు?"

జనన పత్రము చేతిలో పెట్టినాను. తల్లి పేరు కావడి చిన్న సుంకన్న, వయసు 61. మేడం చదివి, నా మీసాలు చూసి, మళ్ళీ చదివి, అక్కడే బుట్టల మీద కూలబడి కండ్లు తుడుచుకునేంత నవ్వినారు. "ఇంతకంటే రుజువు ఏం కావల్లప్పా! సర్కారే రాసిచ్చింది!" అన్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. జత చేయబోతూ పెన్ను ఆపినారు.

"ఆగు. దీన్ని సవరించమని అర్జీ పెట్టుకొంటాండావు గదా?"

"ఔ మేడం. తల్లి గడిలో వనజమ్మ పేరు రావల్ల గదా."

"సవరిస్తే ఈ పత్రం రద్దయిపోతాది. రద్దయ్యే కాగితాన్ని రుజువని నేనెట్ల జత చేసేది? ఉంచితే రుజువు ఉంటాది, నీ పెండ్లాం పేరుండదు. సవరిస్తే ఆమె పేరుంటాది, రుజువు పోతాది. ఏది కావల్లో నువ్వే తేల్చుకొని పెద్దసారుకు రాసుకో."

మేడం గారిది తప్పు లేదు. ఆమె ముఖంలోనూ నవ్వు పోయింది. వనజమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, బిడ్డ చెయ్యి పట్టుకొని చూసి వెళ్ళినారు.

10) అయ్యా, ఆ దినం నుండి నేను ఆలోచిస్తున్నాను. ఎస్టీ అని ఉంటే నా బిడ్డకు హాస్టలు సీటు, చదువు, ఉద్యోగము అన్నీ ఉంటాయి. నాకు అరవై ఒకటి. బిడ్డకు ఇరవై వచ్చేసరికి నేను ఉంటానో లేదో. ఆ ఒక్క కాగితమే నేను ఇచ్చి పోగలిగిన ఆస్తి. పత్రము ఇట్లే ఉంచుకోమని మా వాళ్ళలో చదువుకున్నవాళ్ళు చెప్పినారు. తల్లి పేరుదేముంది, ఇంట్లో అందరికీ తెలుసు గదా అన్నారు.

ఇంట్లో అందరికీ తెలుసు. నిజమే. గోడ పక్కన నిలబడినప్పుడు కూడా ఆమె ఎవరో అందరికీ తెలుసు.

కావున బాగా ఆలోచించి, స్వబుద్ధితో వ్రాసుకుంటున్నది ఏమనగా: రెండూ చేయుటకు దారి ఉంటే రెండూ చేయవలెను. పాత అక్షరములు కనపడునట్లు ఒక గీత మాత్రం కొట్టి, పక్కన "ఎరుకల తండ్రి పురుడు ఆచారము వలన" అని వ్రాయుటకు రూలు ఉంటే అంతకంటే భాగ్యము లేదు. ఒక్కటే అయ్యేటట్లుంటే, తల్లి గడిలో నా పేరు కొట్టివేసి వనజమ్మ అని వ్రాయవలెను. రుజువు పోతే పోనీ. ఎరుకల అని నా బిడ్డకు నేను మా భాషలో చెప్పుకుంటాను. ఆమెకు అర్థమవుతుంది. కానీ నొప్పులు పడిన మనిషి పేరు నేను ఉంచుకోలేను. పండుకున్నది ఆమెకు వచ్చే కీడు నేను తీసుకుందామని. ఆమెకు వచ్చిన బిడ్డను తీసుకుందామని కాదు.

కార్తీక్ మీద ఏ చర్యా తీసుకోవద్దని, తప్పంతా ముసుగులో ఉన్న నాదేనని ఇందుమూలముగా ఒప్పుకుంటున్నాను.

ఈ కాగితములో ఒకచోట సంతోషము, ఒకచోట దుఃఖము వరస తప్పి వచ్చినందుకు క్షమించి, బిడ్డ గల మనసుతో చిత్తగించవలెను.

ఇట్లు
తమ విధేయుడు
(కంప్యూటరు ప్రకారము విధేయురాలు)
కావడి చిన్న సుంకన్న

జతపరచినవి: జనన పత్రము జిరాక్సు, అయిదవ తరగతి టీసీ, మా అమ్మ మరణ పత్రము, బిడ్డ ఫోటో. (ఫోటో అవసరం లేదని భానుప్రకాష్ గారు అన్నారు. అయినా జతపరచినాను. నవ్వుతున్నట్లు ఉన్నది ఆవులింత.)

తా.క. తేది 15-11-2024. సార్, నిన్న ఈ అర్జీ వ్రాసి ముగించినాను. ఈ దినం పోస్టు చేసే ముందు, నర్సమ్మ మెహబూబున్నీసా గారికి నేను అల్లిన పండ్ల బుట్ట ఇచ్చి వద్దామని పోయినాను. గండికోటకు వచ్చే టూరిస్టులకు అమ్మే రకము కాదు, మంచిది. జరిగిందంతా చెప్పినాను. ఆమె విని, "నీ యవ్వారం సల్లగుండ! నేను ఆ పొద్దే రాసినా గదప్పా!" అని కాన్పుల వార్డు పెద్ద పుస్తకం తెచ్చి తిప్పినారు. ఏడవ తేది పేజీలో, ఆమె చేతి వ్రాతలో, ఆసుపత్రి ముద్ర కింద ఇట్లా ఉంది:

"వనజమ్మ, 42 సం., మొదటి కాన్పు. ఆడబిడ్డ, ఉదయం 11.40, 2.7 కేజీలు. తల్లీ బిడ్డ క్షేమం. రిమార్కులు: భర్త సుంకన్న 7వ మంచం మీద చీర కప్పుకొని పండుకున్నాడు. ఎరుకల వాళ్ళమని, వాళ్ళ ఆచారమని చెప్పినాడు. లేపలేదు."

సార్, తల్లి అని వనజమ్మ పేరు ఉంది. ఎరుకల అన్న మాట ఉంది. రెండూ ఒక్క పేజీలోనే, మొదటి దినం నుండే ఉన్నాయి. వసుంధర మేడం గారికి ఫోను చేస్తే, "ఇది రద్దయ్యే కాయితం గాదు, జత చేస్తా" అన్నారు. కావున పైన పదవ నంబరులో ఒక్కటే అయితే అని వ్రాసినది దయచేసి చదవనట్లు భావించవలెను. రెండూ చేయవలెను.

నర్సమ్మ తీయించి ఇచ్చిన ఆ పేజీ జిరాక్సు ఇంటికి తెచ్చి వనజమ్మకు చదివి వినిపించినాను. "తల్లీ బిడ్డ క్షేమం" అన్నచోట ఆపమన్నది. మళ్ళీ చదవమన్నది. మొత్తం ఆరుసార్లు చదివినాను. ఆ తర్వాత సైదున్నీసా ఒళ్ళో నుండి బిడ్డను తీసుకొని, అందరూ వింటుండగా పేరు పెట్టింది.

ఇంకొక్క సంగతి దాచకూడదు. అంగన్‌వాడీ గుడ్లలో ఒకటి నేను తిన్నాను. మొదటి వారం. ఇంకెప్పుడూ తినలేదు.

గడులు నింపునప్పుడు ఈ విధముగా నింపవలెను. బిడ్డ పేరు: కావడి నాగమ్మ, మా అమ్మ పేరు. తల్లి: వనజమ్మ. తండ్రి: ఎవరని అడిగితే, ఈసారి ముసుగు తీసే చెప్తున్నాను సార్, నేనే.

సుంకన్న